వాకర్ అంటే నడిచేవాడేనా?

ప్రశ్న: ఇంగ్లీషువాళ్లలో వాకర్ అనే ఇంటిపేరు చాలామందికి కనిపిస్తుంది కదండీ, వాళ్ల తాతముత్తాతలు బాగా నడిచేవాళ్లా ఏంటి?

జవాబు: నడిచేవాళ్లేనండీ, కాకపోతే రోడ్డు మీద కాదు, తొట్టిలో తడి ఉన్నిగుడ్డ మీద! మగ్గం మీంచి దిగిన ఉన్నిగుడ్డ వదులుగా జిడ్డుగా ఉంటుంది, దాన్ని తొట్టిలో వేసి గంటలతరబడి కాళ్లతో తొక్కితే జిడ్డు వదిలి పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని గుడ్డ దళసరిగా అవుతుంది, ఆ తొట్టిలో పోసేది ఉత్త నీళ్లే అనుకునేరు, పులిసిన మూత్రం కూడా పోసేవాళ్లు, అందులోని అమోనియా జిడ్డుని లాగేస్తుందని. ఆ వాసన్లో రోజంతా ఎలా నిలబడ్డారో ఏమో గానీ! తర్వాత గుడ్డని చెక్క చట్రాలకి కొక్కేలతో బిగించి ఆరబెట్టేవాళ్లు.

12వ శతాబ్దం చివరికల్లా ఇంగ్లండ్‌లో నీటిచక్రంతో ఆడే చెక్క సుత్తులు ఈ పనిలోకి దిగాయి, అయినా పేరు మాత్రం పోలేదు.

ఇంకో తమాషా ఏంటంటే ఫుల్లర్, టక్కర్ అనే ఇంటిపేర్లు కూడా ఈ పనివాళ్లవే. ఉత్తరాన, స్కాట్లాండ్‌లో వాకర్ అన్నారు, దక్షిణం తూర్పు వైపు ఫుల్లర్, నైరుతిలో డెవన్ వైపు టక్కర్. అక్కడి ఎక్సెటర్ ఊళ్లో 1471లో మొదలైన టక్కర్స్ హాల్ అనే వాళ్ల సంఘం భవనం ఇప్పటికీ ఉంది. అందుకే ఇంగ్లండ్‌లో పాత కుటుంబమైతే ఈ మూడిట్లో ఏ పేరుందో చూసి పూర్వీకులు ఏ వైపు వాళ్లో కాస్త ఊహించొచ్చు, ఖాయంగా మాత్రం చెప్పలేం, జనం వలసపోతూనే ఉన్నారు కదా.