గంగాళం అంచు కింద పేరు

ప్రశ్న: మాది రాజోలు వైపు లంక గ్రామం. ఇప్పుడు అమలాపురంలో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. నాకు 36 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. మావయ్యగారు పోయాక అత్తయ్యగారు మా దగ్గరే ఉంటున్నారు. గృహప్రవేశం అయినప్పటి నుంచీ హాలుని పాతకాలం సామానుతో సర్దుకోవాలని నా కోరిక. కిందటి నెల ఒక ఆదివారం అందరం కార్లో బయల్దేరి, దారిలో ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుని తింటూ, రావులపాలెం దాటాక హైవే పక్కన పాత ఇళ్ళ సామాను అమ్మే షెడ్డుకి వెళ్ళాం. ద్వారబంధాలు, స్తంభాలు, పడక కుర్చీలు, లాంతర్లు, జాడీలు, కుంచాలు... పిల్లలకి ఒక్కటీ తెలీదు, అన్నిటికీ పేర్లు అడుగుతున్నారు, అత్తయ్యగారు చెబుతున్నారు. అప్పటిదాకా అంతా సరదాగానే ఉంది.

నేను ఒక పెద్ద ఇత్తడి గంగాళం ఎంచాను. నీళ్ళు పోసి పూలు వేసి హాల్లో పెట్టాలని. 18,000 చెప్పి 16,500కి దిగాడు. డబ్బు ఇచ్చేశాక అత్తయ్యగారు వంగి, అంచు కింద చేత్తో తడిమి, కళ్ళజోడు పెట్టుకుని అక్కడ చెక్కిన పేరు చదివారు. ఎవరో ఆవిడ పేరు. "మనది కాదు" అని, అమ్మకానికి పెట్టిన బల్ల మీదే కూర్చుని ఏడ్చేశారు. మావారు "లే అమ్మా, అందరూ చూస్తున్నారు" అన్నారు. కార్లో ఒకే మాట: "ఎవరి కొంపలోదో, ఎవరి ఉసురో, మనింట్లోకెందుకు?" మర్నాడు పాలకొల్లులో ఆడపడుచు ఇంటికి వెళ్ళిపోయారు. మూడు వారాలైంది. ఆడపడుచు ఫోన్ చేసి "మా అమ్మ సామాను కేజీల లెక్కన అమ్మేసి, ఊళ్ళోవాళ్ళ సామాను వేలు పోసి కొంటున్నారా?" అని దులిపేసింది.

వాళ్ళది మండువా లోగిలి. 96 తుఫానుకి పెంకులు లేచిపోయాక సరిగా బాగుచేయించలేదు. 2011లో పంపకాలప్పుడు పడగొట్టారు. ఇత్తడి సామానంతా మావారూ బావగారూ కలిసి తూకానికి వేసేశారు. అప్పట్లో తోటికోడలూ నేనూ కాదనలేదు. అందులో పెద్ద గంగాళం అత్తయ్యగారి పుట్టింటివారు సారెలో ఇచ్చింది. 86 వరదల్లో అటక మీద రెండు రాత్రులు, రెండేళ్ళ మావారిని ఆ గంగాళంలో పడుకోబెట్టి కాచుకున్నానని ఎప్పుడూ చెప్పేవారు. నాకూ ఆ ఇల్లంటే ఇష్టమే. నేను పెరిగింది రెండు గదుల క్వార్టర్స్‌లో. మొదటిసారి వాళ్ళింట్లో అడుగుపెట్టిన రోజు మండువాలోంచి వాన గంగాళంలో పడుతుంటే నిలబడి చూస్తుండిపోయాను.

మావారు "చాదస్తం, అదే సర్దుకుంటుంది" అంటున్నారు. గంగాళం వెనక్కి ఇచ్చేయనా? తప్పు నాదా? గుడి రథానిదంటూ ఒక చెక్క యాళి (సింహంలాంటి వింత జంతువు బొమ్మ) చూపిస్తే 5,000 అడ్వాన్సు కూడా ఇచ్చాం, అదేం చేయాలి? గంగాళం మీద పేరు కనపడకుండా పాలిష్ చేయిస్తానని షెడ్డతను అంటున్నాడు. అలా చేస్తే అత్తయ్యగారి మనసు కుదుటపడుతుందా?

– ఒక కోడలు, అమలాపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివి, "అప్పట్లో తోటికోడలూ నేనూ కాదనలేదు" అన్నచోట గీత గీశాను. పూతరేకుల దగ్గర్నుంచి బేరం దాకా అన్నీ తీరిగ్గా చెప్పినవారు ఆ ఒక్కచోట గబుక్కున దాటేశారు.

తప్పు మీదా అని అడిగారు కాబట్టి ముందు ఆ లెక్క తేల్చేద్దాం. 2011లో మీకు ఇరవై రెండేళ్ళు. కొత్త కోడలు. అన్నదమ్ములు పంపకాలు చేసుకుంటుంటే మీ అభిప్రాయం ఎవరూ అడిగి ఉండరు. అడిగినా "అంత సామాను ఎక్కడ పెడతాం" అనే అనుంటారు. ఆ వయసులో నేనైనా అదే అందును. కాబట్టి మీ వాటా చిన్నది. అలాగని అసలు లేదనకండి. ఆ చిన్న వాటా మీరు ఒప్పుకుంటేనే పెద్ద వాటా ఉన్నాయన తప్పించుకోవడానికి వీల్లేకుండా పోతుంది.

ఇక మీ అత్తయ్యగారు అంచు కింద తడిమిన సంగతి. మీ తరానికి స్టీలు గిన్నె మీద పేరంటే పెళ్ళిలో గిన్నెలు కలిసిపోకుండా వేసుకునే గుర్తు. ఆవిడ తరానికి అంతకంటే ఎక్కువ. పెళ్ళి కుదరగానే తండ్రి ఇత్తడి కొట్టుకి వెళ్ళి బిందెలు, కాగు, గంగాళం తూకం వేయించి, కొట్టువాడి చేత ఉలితో చుక్కలు చుక్కలుగా పిల్ల పేరు కొట్టించేవాడు. ఆ పిల్ల అత్తారింటికి వచ్చాక చూడండి: పొలం మావగారి పేరున, ఇల్లు ఆయన తండ్రి పేరున, కొబ్బరికాయల లెక్కల పుస్తకం మీద మొగుడి పేరు. అంత పెద్ద లోగిలిలో ఆవిడ పేరు రాసి ఉన్నది ఆ నాలుగు ఇత్తడి సామాన్ల మీదే. తూకానికి వేసినప్పుడు కాటా మీద ఇత్తడి బరువు తూగింది. అక్షరాలకి ఎవరు కట్టారు లెక్క?

వరద సంగతి మీరు ఒక్క వాక్యంలో రాశారు గానీ నేనక్కడ కాసేపు ఆగాను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కుల నీరు దాటింది. లంకల్లో ఉన్నవాళ్ళకి ఆ అంకెతో పనిలేదు. వాళ్ళకి తెలిసిందల్లా చీకట్లో మెట్టు తర్వాత మెట్టు మునిగిపోతుండటం, పశువుల కట్లు విప్పేసి వదిలేయడం, పడవ ఎప్పుడొస్తుందా అని చూడటం. పాతిక దాటని ఓ తల్లి రెండేళ్ళ పిల్లాణ్ణి గంగాళంలో పడుకోబెట్టింది. నీళ్ళు అటక దాకా వస్తే గంగాళం తేలుతుంది, పిల్లాడైనా దక్కుతాడని ఆవిడ లెక్క వేసుకుందేమో. నేననుకుంటున్నాను అంతే, మీరు అడిగి చూడండి. అలా దక్కిన పిల్లాడే పెద్దవాడై ఆ గంగాళాన్ని కాటా మీద పెట్టాడు. కావాలని కాదు. మగపిల్లలకి ఆ కథ వినీ వినీ పాతబడిపోతుంది, అంతే.

ఇన్నేళ్ళూ ఆవిడ నోరెత్తలేదు. ఎందుకెత్తుతారు? "చిలుము పట్టిన సామాను, ఎవడు తోముతాడు, ఎవడు వాడతాడు" అన్న మాటకి అప్పట్లో ఎదురు చెప్పలేకపోయారు. ఇప్పుడు అలాంటిదే 18,000 చెబుతుంటే, కొడుకు బేరమాడి మరీ కొంటుంటే కళ్ళారా చూశారు. తన సామానుకి విలువుందన్న మాట కొడుకు నోట వినాల్సింది, షెడ్డతని నోట విన్నారు. ఆవిడ ఏడ్చింది అందుకని నా నమ్మకం. "ఎవరి ఉసురో" అన్నారే, దాన్ని మూఢనమ్మకం కింద కొట్టిపారేయకండి. పోగొట్టుకున్న మనిషి ఉసురు ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ఆ తెలిసినదాన్నే ఎవరో పేరు తెలీని ఆవిడకి ఆపాదించి చెప్పారు.

అందుకని మొదటి పని మీది కాదు, మీ ఆయనది. ఆయన ఒక్కరే చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్ళాలి. మీరు వద్దు, పిల్లలు వద్దు, పళ్ళ బుట్ట అసలే వద్దు. వెళ్ళి చెప్పాల్సింది కొంచెమే: "అమ్మా, అప్పుడు నిన్ను అడక్కుండా అమ్మేశాం. తప్పు చేశాం." అక్కడితో ఆపాలి. "అన్నయ్య తొందరపెట్టాడు", "ఇల్లు ఎలాగూ కూలిపోతోంది", "డబ్బు నీ మందులకేగా వాడాం" లాంటివి ఒక్కటి అన్నా వెళ్ళిన పని చెడిపోతుంది. ఆవిడ తిట్టొచ్చు. ఆడపడుచు పక్కనుంచి ఇంకో రెండు అంటించొచ్చు. పడాలి. "ఇప్పుడు వెతికి తెస్తానులే" అని మాత్రం అననివ్వకండి. తూకానికి వేసిన ఇత్తడి చాలావరకు కరిగిపోయి ఉంటుంది. దొరకనిదాని మీద ఆశ పెట్టడం ఇంకో అన్యాయం.

ఆయన వెళ్ళనంటే? చాదస్తం అన్న మనిషి అంత తేలిగ్గా కదలరని నాకూ తెలుసు. ఈ ఉత్తరం ఆయన చేతికివ్వండి. గంగాళంలో పడుకున్నది ఆయనే కాబట్టి ఇది ఆయన ఉత్తరం కూడా.

ఆయన వెళ్ళొచ్చాక నాలుగైదు రోజులు ఆగి మీరు వెళ్ళండి. మీ మాట వేరే ఉంది. నాకు రాసిన ఆ వాన సంగతి ఆవిడకి ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉండరు. కోడలికి ఫ్యాషన్ పిచ్చి పట్టి పాత సామాను కొంటోందని ఆవిడ అనుకుంటున్నారు. తన ఇల్లు పోయిందని ఈ పిల్ల కూడా బెంగపెట్టుకుందని, ఎక్కడెక్కడి ముక్కలో ఏరుకొచ్చి అదే ఇల్లు కట్టుకోవాలని చూస్తోందని ఆవిడకి తెలియదు. ఉత్తరం సగం దాకా నాకూ తెలియలేదు. మీ ముచ్చట తప్పు కాదమ్మా. పాత సామాను అందం తెలిసినవాళ్ళు ఉండబట్టే ఆ నాలుగు స్తంభాలైనా పొయ్యిలోకి పోకుండా మిగులుతున్నాయి. అయితే మీరు ఏ ఇంటి ముక్కల కోసం వెతుకుతున్నారో ఆ ఇంటావిడ పక్కనే కూర్చునుంటే, ఆవిణ్ణి పిల్లలకి పేర్లు చెప్పే పనికే వాడుకున్నారు. ఏం కొనాలో ఆవిణ్ణి అడిగారా? ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు.

ఇంట్లో ఇంకా ఏమన్నా మిగిలి ఉన్నాయేమో అడగండి. ఎంత తుడిచిపెట్టినా ఒక ఉగ్గుగిన్నో, మరచెంబో, మానికో ట్రంకు పెట్టె అడుగున దాక్కునే ఉంటుంది. ఆడపడుచు ఇంట్లో ఉన్నా ఉండొచ్చు. ఆవిడ తీసి చూపిస్తే వెంటనే "హాల్లో షెల్ఫు మీద భలే ఉంటుంది" అనేయకండి! చేతిలోకి తీసుకుని, ఎవరిచ్చారు, ఎప్పుడు, దేనికి వాడేవారు అని అడిగి, మళ్ళీ ఆవిడ చేతికే ఇచ్చేయండి. నా సంగతే చెబుతాను. ఈమధ్య ఒక హోటల్‌కి వెళ్తే గోడ మీద కవ్వం, తిరగలి, చేటలు బిగించి కింద లైట్లు పెట్టారు. చూసి నవ్వుకున్నాను. భోజనం మధ్యలో మా అమ్మ కవ్వం ఎటుపోయిందో గుర్తుచేసుకుందామంటే గుర్తురాలేదు. ఇక ముద్ద దిగలేదు. వాడిన మనిషికి వస్తువు అలంకారం అవడానికి టైము పడుతుంది. ఒక్కోసారి ఎప్పటికీ అవదు.

కొన్న గంగాళాన్ని వెనక్కి ఇవ్వాలా వద్దా అన్నది ఆవిడకే వదిలేయండి. అప్పటిదాకా హాల్లో పెట్టొద్దు, పూలు వేయొద్దు, బాల్కనీలో ఉంచండి. ఇచ్చేయమంటే మారుమాట లేకుండా ఇచ్చేయండి. షెడ్డతను సగమే తిరిగిస్తానంటాడు, ఆ సగం పోనివ్వండి. ఉంచుకోమంటే మంచిదే. ఏదీ చెప్పకపోతే ఇంకో దారి ఉంది. పెరవలి దగ్గర అజ్జరం మీకు తెలిసే ఉంటుంది, ఇత్తడి పనికి, గుడి గంటలకి పేరున్న ఊరు. ఈసారి ఆదివారం షికారు అటు పెట్టుకోండి. ముందు సీట్లో ఆవిణ్ణి కూర్చోబెట్టండి. చిన్నదో పెద్దదో ఆవిడ ఎంచుకున్నది కొనండి. పేరు కొట్టించాలో వద్దో, కొట్టిస్తే ఎవరి పేరో ఆవిడే చెబుతారు. మనవరాలి పేరు చెప్పినా మీరు నొచ్చుకోకండి.

పిల్లల విషయం మీరు రాయలేదు. నానమ్మ ఎందుకు ఏడ్చిందో, ఎందుకు వెళ్ళిపోయిందో వాళ్ళకి ఏమని చెప్పారు? "ఒంట్లో బాలేదు" అని చెప్పుంటే ఇప్పుడైనా సరిచేయండి. అసలు కథ నానమ్మే చెబుతుందని చెప్పి, సెలవులకి ఓ రెండు రోజులు పాలకొల్లు పంపండి.

చెక్క యాళి సంగతి మనసుకి సంబంధించింది కాకపోయినా చెప్పక తప్పదు. వద్దు. వందేళ్ళు దాటిన శిల్పాలు, చెక్కడాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి వస్తాయి. లైసెన్సు లేకుండా వాటి వ్యాపారం చేయకూడదు. నిజంగా గుడి రథానిదే అయితే అది ఏ గుడి నుంచి ఎలా బయటికొచ్చిందో మీకు తెలీదు. కాదూ అంటే కొత్త చెక్కకి నూనె, మసి పట్టించి అమ్ముతున్నాడన్నమాట. ఎటు చూసినా మీకు నష్టమే. అడ్వాన్సు తిరిగిస్తే సరే, ఇవ్వకపోతే 5,000తో వదిలిపోయిందనుకోండి.

ఇక పాలిష్. ఎవరో తండ్రి డబ్బులిచ్చి కూతురి పేరు కొట్టించాడు. ఆ కూతురు ఎవరో, ఉందో లేదో, ఆ గంగాళం ఆ ఇంట్లోంచి ఎలా బయటికొచ్చిందో మనకి తెలీదు. మీ అత్తయ్యగారి పేరున్న గంగాళం కూడా ఏ షెడ్డులోనైనా ఇలాగే పడి ఉండి, ఎవరైనా "ఈ పేరు గీకేసి ఇవ్వండి" అంటే మీకెలా ఉంటుంది? అతనికి ఫోన్ చేసి పాలిష్ అక్కర్లేదని చెప్పేయండి.