అల్లుడూ, ఆ అగ్రిమెంట్ మీద ఇప్పుడే సంతకం పెట్టకు

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను, నీకు స్పాన్సర్ చేస్తామని రబ్ (మాంసానికి పట్టించే మసాలా పొడి) కంపెనీ వాళ్ళు పంపిన అగ్రిమెంట్ కూడా మొత్తం చదివాను. ఫోన్‌లో చెబితే సగం విని "సరే మావయ్యా" అనేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. బార్బెక్యూ పోటీల్లోకి దిగుతానంటే నాకు సంతోషమే. కానీ నువ్వు రాసిన డబ్బు లెక్క మాత్రం నేలవిడిచి సాము చేసినట్టుంది.

"గ్రాండ్ ఛాంపియన్‌కి రెండు వేల డాలర్లట, నెలకి ఒక్కటి కొట్టినా చాలు" అన్నావు. ఆ రెండు వేలు ఎక్కడి నుంచి వస్తాయో చూడు. కాన్సస్ సిటీ బార్బెక్యూ సొసైటీ, మేం కేసీబీఎస్ అంటాం, 1985 నుంచి ఉంది. దాని రూల్స్ మీద జరిగే ఓ మామూలు పోటీకి 50 టీములు వచ్చాయనుకో. ఎంట్రీ ఫీజు ఒక్కొక్కరికి 325 డాలర్లు అనుకుంటే, అక్కడే 16,250 పోగైంది. అందులోంచి 10,000 బహుమతులుగా పంచుతారు. మనందరం వేసిన చిట్టీ సొమ్ములోంచి మనకే ఇస్తున్నారన్నమాట. తేడా ఏమిటంటే, చిట్టీలో ఎప్పటికైనా అందరికీ వంతు వస్తుంది, ఇక్కడ రాదు.

ఆ పదివేలలో గ్రాండ్ ఛాంపియన్‌కి 2,000, రిజర్వ్‌కి, అంటే మొత్తం మీద రెండో టీముకి, 1,000 పోతే ఏడు వేలు మిగులుతుంది. చికెన్, రిబ్స్, పోర్క్, బ్రిస్కెట్ (ఆవు ఛాతీ మాంసం) అని నాలుగు విభాగాలు, ఒక్కోదానికి 1,750. దాన్ని మొదటి పది స్థానాలకి సర్దితే మొదటివాడికి 400, పదోవాడికి 60 వస్తుంది. పోటీని బట్టి అంకెలు మారతాయి గానీ వరస ఇలాగే ఉంటుంది. 50 టీముల్లో రిబ్స్‌లో పదో స్థానం అంటే చిన్న విషయం కాదు, స్టేజీ మీదికి పిలుస్తారు, చప్పట్లు కొడతారు. ఆ 60 డాలర్లు బ్రిస్కెట్ చుట్టే కాగితానికీ, అల్యూమినియం ట్రేలకీ సరిపోతాయి.

ఇక ఖర్చు చూద్దాం. పోటీల్లో ముందుండేవాళ్ళలో చాలామంది వాగ్యూ అనే ఖరీదైన జాతి బ్రిస్కెట్ వాడుతున్నారు. ఒకటి దెబ్బతింటే ఇంకోటి ఉండాలని రెండు తెచ్చుకుంటారు, అక్కడే 300 దాటుతుంది. పంది భుజం మాంసం, రిబ్స్, చికెన్ తొడలు కలిపి ఇంకో 200. బొగ్గు, కట్టె, సాసులు, గ్లవ్స్, మిగతా సరంజామా 150. ట్రైలర్ లాక్కుని వెళ్ళి రావడానికి పెట్రోలు 120. ఎంట్రీ ఫీజు కలిపితే ఒక్క వీకెండ్‌కి 1,100 డాలర్లకి తగ్గదు. ఇదంతా చేసి ఒక్కో విభాగానికి జడ్జీల బల్ల మీద పెట్టేది తొమ్మిదంగుళాల డబ్బాలో ఆరుగురికి ఆరు ముక్కలు. రాత్రంతా నిద్ర కాసి, వందల డాలర్ల మాంసంలోంచి ఆ ఆరు ముక్కలు ఏరడం. మీ అమ్మ చూస్తే "తిండి పారబోసుకుంటున్నారా" అని ఇద్దర్నీ తిడుతుంది. బ్రిస్కెట్ అంటే ఏ మాంసమో అక్కయ్యకి నేను చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

అందుకే బహుమతి సొమ్మును ఆదాయంగా లెక్కేసుకోవద్దంటాను. వచ్చిన ఏడాది ఖర్చులో కొంత తిరిగొచ్చిందనుకో. స్పాన్సర్ విషయంలోనూ ఇదే చూపు ఉండాలి: వాడు నాకెంత ఇస్తాడు అని కాదు, నా చేతి నుంచి పోయే దాంట్లో ఏది ఆపుతాడు అని అడుగు.

ఇప్పుడు నీ అగ్రిమెంట్ తీసి పక్కన పెట్టుకో. ఏడాదికి 12 సీసాల రబ్ ఇస్తారు. సీసా పన్నెండు డాలర్లు లెక్కేసినా 144. బదులుగా వారానికి మూడు పోస్టులు పెట్టాలి. ఏడాదికి 156 పోస్టులు, అంటే పోస్టుకి డాలర్ కూడా పడలేదు. పైగా నీ ఫోటోలు వాళ్ళు ఎప్పటికీ వాడుకోవచ్చు, ఏడాది అయ్యాక ఆపాలని కూడా లేదు. వాళ్ళ రబ్‌తో చేసిన వంటకాల విధానం వాళ్ళది అవుతుంది. ఐదో పేరాలో ఇంకో వాక్యం ఉంది, చదివావో లేదో: ఏడాదిపాటు పోటీల్లో వేరే ఏ కంపెనీ రబ్బూ వాడకూడదు. అన్నిట్లోకీ ఇదే అసలు ఉరి.

ఎందుకో చెబుతాను. కేసీబీఎస్ జడ్జింగ్‌లో డబ్బా మీద పేరు ఉండదు, నీ టీము నంబరు కూడా మార్చేసి బల్ల మీదికి పంపుతారు. ఒక్కో బల్లకి ఆరుగురు జడ్జీలు. కనిపించే తీరు, రుచి, మెత్తదనం, మూడింటికీ 9 నుంచి కిందికి మార్కులు వేస్తారు. ఆరుగురిలో తక్కువ వేసినవాడి మార్కు తీసేస్తారు. మూడింటికీ బరువు ఒకటి కాదు. కనిపించే తీరుకి 0.56, మెత్తదనానికి 1.1428, రుచికి 2.2972. మొత్తం నాలుగులో రుచే సగం కన్నా ఎక్కువ అన్నమాట. అన్నీ కలిస్తే ఒక విభాగానికి 180, నాలుగింటికి 720. పైన ఉన్న టీముల మధ్య తేడా ఎన్నో సార్లు ఒకటి రెండు మార్కులు కూడా ఉండదు. అలాంటి చోట, నీ చికెన్‌కి ఆ రబ్ కుదరలేదని తెలిసీ, 144 డాలర్ల సరుకు కోసం అదే వాడతావా? మేమంతా మూడు నాలుగు కంపెనీల రబ్బులు పొరలు పొరలుగా చల్లుతాం. అది మానేస్తే నీ చెయ్యి నువ్వే కట్టేసుకున్నట్టు.

నువ్వు ఎలాగూ కొంటున్న సరుకే ఇస్తానంటే అప్పుడు ఆలోచించు. మాంసం టోకు ధరకి ఇప్పించే స్పాన్సర్ అందరికన్నా మేలు, ఎందుకంటే ఖర్చులో పెద్ద వాటా అక్కడే. తర్వాత బొగ్గు. రబ్బు, సాసు అన్నిటికన్నా ఆఖరు. ఒక పోటీలో నువ్వు చల్లే రబ్ విలువ పది పదిహేను డాలర్లు, అది ఉచితంగా వస్తే ఎంత, రాకపోతే ఎంత. కొత్తవాళ్ళు మాత్రం సీసాల పెట్టె ఇంటికి రాగానే ఫోటో తీసి "స్పాన్సర్డ్" అని పెట్టేసుకుంటారు. నెగ్గితే బోనస్ ఇచ్చే కంపెనీలు కొన్ని ఉన్నాయి, మా సాస్‌తో రిబ్స్‌లో ఫస్ట్ వస్తే ఇంత అని. అవి మంచివే. పోటీకి ముందు పేరు నమోదు చేసుకోవాలా, ఏ రుజువు చూపాలి అన్నది మాత్రం రాతపూర్వకంగా తీసుకో.

మీ టెక్సస్ తీరు కొంచెం వేరు. హ్యూస్టన్ రోడియోతో పాటు జరిగే బార్బెక్యూ పోటీ 1974 నుంచి ఉంది, రెండొందలకు పైగా టీములు. అక్కడ టెంట్లలో చాలావాటికి పిలుపు ఉంటేనే లోపలికి రానిస్తారు. కంపెనీలు డబ్బు పెట్టేది నీ బ్రిస్కెట్ కోసం కాదు, తమ క్లయింట్లని కూర్చోబెట్టి తినిపించి తాగించడానికి. అలాంటి స్పాన్సర్ వెయ్యి డాలర్లు ఇస్తే సంతోషపడే ముందు, శుక్రవారం రాత్రి ఎంతమందిని పంపుతాడో అడుగు. నలభై మంది అంటే వెయ్యీ వాళ్ళ తిండికే పోతుంది. పైగా రాత్రి వడ్డనలో పడి స్మోకర్ (పొగతో మాంసం వండే పొయ్యి) మంట చూసుకోలేవు. నిర్వాహకుల నుంచి అనుమతి, హెల్త్ పర్మిట్ ఏమైనా కావాలా అన్నది కూడా ముందే కనుక్కో.

డాలస్‌లో నీకు ఇంకో దారి ఉంది. తానా, ఆటా సభలకి ప్లాటినం, గోల్డ్ అంటూ డబ్బులిచ్చే మన రియల్టర్లు, ఇన్సూరెన్స్ వాళ్ళు, గ్రోసరీ షాపుల వాళ్ళు ఎంతమంది లేరు! వాళ్ళకి స్టేజీ, శాలువా, ఫోటో అలవాటు. ఇక్కడ శాలువా ఉండదని ముందే చెప్పు. ఒక్క పేజీ ఉత్తరం రాసుకెళ్ళు. అందులో ఈ సీజన్‌లో వెళ్ళబోయే పోటీల తేదీలు, ఇప్పటిదాకా వచ్చిన స్కోర్లు (తక్కువైనా దాచకు), ట్రైలర్ మీద వాళ్ళ పేరు ఎంత సైజులో ఉంటుందో, నీకు ఏం కావాలో ఉండాలి. "ఎంతైనా ఇవ్వండి" అనకు. "రెండు పోటీల ఎంట్రీ ఫీజు, 650 డాలర్లు" అని అడుగు. కచ్చితమైన అంకె చెబితే అవతలివాడికి కూడా అవుననడం తేలిక. సీజన్ అయ్యాక ఫోటోలతో ఏం జరిగిందో రాసి పంపు. ఇది చేసేవాళ్ళు బహు తక్కువ, చేసినవాళ్ళకి మళ్ళీ ఏడు అడగక్కర్లేకుండానే వస్తుంది.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది. నువ్వు ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నావు. నీ కోసం పిటిషన్ వేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు. పోటీలో నెగ్గిన బహుమతి ఒక రకం, వారానికి మూడు పోస్టులు పెడతానని ఒప్పుకుని సరుకో డబ్బో తీసుకోవడం ఇంకో రకం. రెండోది పనికి ప్రతిఫలం అనిపించుకునే ప్రమాదం ఉంది, చేతికి వచ్చింది సీసాలే అయినా సరే. గ్రీన్ కార్డ్ లైన్లో ఏళ్ళ తరబడి నిలబడినవాడివి, 144 డాలర్ల కోసం ఆ టెన్షన్ ఎందుకు? ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి ఈ కాగితం చూపించి, బహుమతి సంగతి కూడా అప్పుడే అడిగేయ్. మీ ఆవిడకి హెచ్-4 ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి, ఉంది కదా, ఆమె పేరు మీద పెడదామని నీకు తట్టే ఉంటుంది. పెట్టొచ్చు, కానీ అప్పుడు పని నిజంగా ఆమే చేయాలి.

పన్ను సంగతి తక్కువలో చెబుతాను. నెగ్గితే నిర్వాహకులు నీ పన్ను నంబరు రాసిచ్చే డబ్ల్యూ-9 ఫారం నింపమంటారు. ఏడాదిలో ఒకచోట 600 డాలర్లు దాటితే ఆ ఆదాయం చూపే 1099 ఫారం వచ్చేది, 2026 నుంచి ఆ హద్దు 2,000 అయింది. ఫారం రాకపోయినా ఆ డబ్బుకి పన్ను ఉంటుంది. చెక్కు టీము పెద్దగా నీ పేరు మీద వస్తుంది, నువ్వు ముగ్గురు స్నేహితులకి పంచుతావు, కాగితాల్లో మాత్రం మొత్తం నీదే. ఎవరికి ఎంత ఇచ్చావో రాసి సంతకాలు తీసుకో. ఇది సరదాకి చేసే పని అని లెక్కేస్తే ఖర్చులు తీసేసుకోవడానికి 2018 నుంచి వీల్లేదు. రెండు వేలు గెలవడానికి నాలుగు వేలు పెట్టినా రెండు వేలకీ పన్నే. వ్యాపారం అంటావా, ఐదేళ్ళలో మూడేళ్ళు లాభం చూపిస్తే ఐఆర్‌ఎస్ పెద్దగా ప్రశ్నించదు, చూపించలేకపోతే వ్యాపారమేనని నువ్వే నిరూపించుకోవాలి. పన్నులు చూసే సీపీఏతో ఒక గంట మాట్లాడు.

పెద్ద స్మోకర్ కోసం లోన్ అన్నావు, వద్దు. కాలిఫోర్నియాలో హ్యారీ సూ అని ఐటీలో పనిచేసిన మనిషి, స్లాప్ యో డాడీ అనే టీము, చిన్న వెబర్ స్మోకీ మౌంటెన్ స్మోకర్లతో ఎన్నో గ్రాండ్ ఛాంపియన్‌షిప్‌లు కొట్టాడు. తర్వాత క్లాసులు చెప్పి, సొంత రబ్బులు అమ్మాడు. జార్జియా మైరన్ మిక్సన్‌దీ అదే దారి: మెంఫిస్‌లో నెగ్గాడు, ఆ పేరుతో టీవీ, పుస్తకాలు, స్మోకర్ల వ్యాపారం. చెక్కులతో కన్నా ఆ పేరుతోనే వాళ్ళు నిలబడ్డారు. మొదటి ఏడు మీ ఊరి చుట్టుపక్కల చిన్న పోటీలకి వెళ్ళు. చికెన్, రిబ్స్ మాత్రమే ఉండే బ్యాక్‌యార్డ్ విభాగాలు ఉంటాయి, వాగ్యూ ఖర్చు తప్పుతుంది. అక్కయ్యకి చెప్పుకోవడం కూడా కాస్త తేలిక. గుంటూరు కారం మాత్రం తగ్గించు. ఆ జడ్జీలకి తీపి ముందు తగలాలి, కారం వెనక నుంచి రావాలి.

ఫీజు కట్టే ముందు ఫ్లయర్‌లో ఒక మాట వెతుకు. బహుమతి సొమ్ము గ్యారంటీనా, టీముల సంఖ్యని బట్టి మారుతుందా అని. పదివేలు అని పెద్ద అక్షరాల్లో వేసి, కింద చిన్న అక్షరాల్లో "50 టీములు వస్తే" అని రాస్తారు. వాన పడి రద్దయితే ఫీజు తిరిగిస్తారా, చెక్కు అక్కడే ఇస్తారా లేక పోస్టులో పంపుతారా అన్నవి కూడా అడుగు.

ఆ రబ్ కంపెనీకి మర్యాదగా రాయి: ఐదో పేరా తీసేసి, ఫోటోల వాడకాన్ని ఏడాదికి పరిమితం చేసి, పోస్టులు నెలకి రెండు చేస్తే లాయర్‌కి చూపిస్తానని. ఒప్పుకుంటే కొత్త కాగితం నాకు పంపు. ఒప్పుకోకపోతే ఆ రబ్ నీకు నిజంగా నచ్చితే పన్నెండు డాలర్లు పెట్టి కొనుక్కో.

మీ మావయ్య