ధర తగ్గించే ముందు కౌటిల్యుని మాట చూడండి

అయ్యా, పెద్ద వ్యాపారి జీడిపప్పు ధర తగ్గించి అమ్ముతున్నందున, పలాసలోని మీ చిన్న కర్మాగారం కూడా తగ్గించాలా అని అడిగారు. తగ్గించవద్దనే నా గట్టి అభిప్రాయం.

అర్థశాస్త్రం 7వ అధికరణంలో (భాగంలో) సంధి, విగ్రహం (పోరు), ఆసనం (కదలకుండా వేచి ఉండడం), యానం (దండెత్తడం), సంశ్రయం (బలవంతుని ఆశ్రయించడం), ద్వైధీభావం అనే ఆరు గుణాలను, అంటే రాజనీతి ఉపాయాలను, వివరిస్తూ, బలం తక్కువైనవాడు సంధి చేసుకోవాలని, సంధిలోనూ పోరులోనూ లాభం సమానమైనా సంధినే ఎంచుకోవాలని, పోరు వల్ల క్షయమూ (నష్టమూ) వ్యయమూ (ఖర్చూ) కలుగుతాయని కౌటిల్యుడు చెప్పాడు. ధరల పోటీలో ఆ రెండూ పెట్టుబడి తక్కువున్న మీకే ముందు తగులుతాయి. ద్వైధీభావం అంటే ఒకరితో సంధి, మరొకరితో పోరు. ఆ వ్యాపారికే గుండు పప్పు (విరగని పప్పు) కొంత సరఫరా చేస్తూ, బద్దను (రెండుగా చీలిన పప్పును), ముక్కలను మిఠాయి దుకాణాలకు నేరుగా అమ్ముకోవడం దానికి దగ్గరగా ఉంటుంది.

అంతకంటె ముఖ్యమైనది 11వ అధికరణం. కలిసికట్టుగా ఉన్న సంఘాలను ఇతరులు జయించలేరని అక్కడ ఉంది. కనుక మీరూ వచ్చే వేసవిలో ఉద్దానం ప్రాంత రైతుల వద్ద జీడి పిక్కలను పక్క కర్మాగారాల వారితో కలిసి కొని, రైతుకు సొమ్ము వెంటనే చెల్లించండి. సంఘాలను చీల్చే మార్గాలు కూడా అదే అధికరణంలో ఉన్నాయి కనుక, కొనుగోలు లెక్కలను సభ్యులందరికీ నెలనెలా చూపించండి.