ఎయిర్ రైఫిల్ హార్డ్ కేసులో ఫోమ్: ఏది వేయాలి, ఎలా కోయాలి

ఒంగోలు నుంచి ఒక తండ్రిగారు అడిగారు: పాపకు పది మీటర్ల దూరంలోని గురిని కాల్చే ఎయిర్ రైఫిల్ కొన్నారు, సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ పోటీలకు తీసుకెళ్లాలి, ఖాళీ హార్డ్ కేసు చేతిలో ఉంది, పరుపుల షాపులో స్పాంజి తెచ్చి వేస్తే సరిపోతుందా అని.

సరిపోదండీ. పరుపు స్పాంజి తేమను పీల్చి పట్టుకుంటుంది. కొత్తపట్నం, మైపాడు వైపు గాలిలో ఉప్పు ఉంటుంది, నవంబరు వానల్లో ఇంట్లో బట్టలే ఆరవు. చెమట చేతులతో పట్టిన రైఫిల్‌ని అలాగే లోపల పెట్టి మూత వేస్తే, స్పాంజి తగిలిన చోటే తుప్పు చుక్కలు లేస్తాయి. పైగా కొన్నేళ్లకు అది పసుపెక్కి, జిగటగా మారి, పొడిపొడిగా రాలుతుంది. ఆ పొడి ట్రిగ్గర్ సందుల్లోకి పోతే శుభ్రం చేయడం పెద్ద పని.

మీకు కావలసింది నీళ్లు పీల్చని క్రాస్‌లింక్ పాలిథిలీన్ ఫోమ్. సాంద్రత ఘనపు మీటరుకు 30-35 కేజీలది అడగండి. అది దొరక్కపోతే ప్యాకింగ్ వాళ్లు అమ్మే తెల్ల ఈపీఈ (నురగలా ఉబ్బించిన పాలిథిలీన్) షీటు వాడొచ్చు, కాకపోతే బరువు పడ్డచోట త్వరగా గుంట పడుతుంది. ఈవీఏ (చెప్పుల అడుగున వాడే రకం ఫోమ్) షీటు వెనిగర్ వాసన వేస్తుంటే వద్దు, ఆ ఆవిరి ఇనుముకు మంచిది కాదు. రొయ్యల పెట్టెల థర్మాకోల్ అసలే వద్దు. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు.

మందాల లెక్క ఇది. అడుగున 20 మిల్లీమీటర్ల షీటు కోత లేకుండా, దాని మీద రైఫిల్ ఆకారం కోసిన 25 మిల్లీమీటర్ల షీట్లు రెండు, మూతలో 25-30 మిల్లీమీటర్ల మెత్తని పొర. కేసు లోపలి కొలత కంటే షీటును పొడవులో, వెడల్పులో 3-4 మిల్లీమీటర్లు ఎక్కువగా కోయండి. నొక్కి దించితే దానంతట అదే బిగుసుకుంటుంది, జిగురు అక్కర్లేదు. రైఫిల్ చివరలకూ కేసు గోడలకూ మధ్య కనీసం 40 మిల్లీమీటర్ల ఫోమ్ మిగలాలి. పెట్టెను నిలువుగా కింద పడేస్తే దెబ్బ పడేది అక్కడే.

అసలు తప్పులు జరిగేది గీత గీసేటప్పుడు. పాత క్యాలెండర్ కాగితం వెనక రైఫిల్‌ని పక్కకు పడుకోబెట్టి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీస్తాం కదా, పెన్సిల్ సగం మందం వల్ల ఆ గీత అసలు అంచుకు 3-4 మిల్లీమీటర్లు బయట పడుతుంది. గీత మీదే కోస్తే రైఫిల్ గూడులో ఊగుతుంది. గీతకు లోపల 2-3 మిల్లీమీటర్లు జరిపి కోయండి. గట్టి ఫోమ్‌కు అంతకంటే బిగుతు వద్దు, లాగి తీయాల్సి వస్తే గురి చూసే సైటు మీద ఒత్తిడి పడుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఫోమ్ రైఫిల్‌ని అన్ని చోట్లా తాకనక్కర్లేదు. స్టాక్ (భుజానికి ఆనించి పట్టుకునే భాగం) దగ్గర, యాక్షన్ బాడీ (బ్యారెల్, ట్రిగ్గర్ బిగించి ఉండే లోహపు భాగం) దగ్గర పట్టు ఉండాలి. వెనక సైటు, గాలి సిలిండర్ ఒత్తిడి చూపే గేజి, ట్రిగ్గర్, చెంప ఆనించే ముక్క, వీటి చుట్టూ 8-10 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. మూత మూసినా వాటి మీద బరువు పడకూడదు. వేళ్లు పెట్టి ఎత్తడానికి రెండు గుంటలు, ఒక్కొక్కటి 80 మిల్లీమీటర్ల వెడల్పున, స్టాక్ పక్కనే తీయండి. బ్యారెల్ దగ్గర తీస్తే పిల్లలు అక్కడే పట్టుకుని లేపుతారు.

కోతకు 18 మిల్లీమీటర్ల కట్టర్, కొత్త బ్లేడు. పొడవుగా, ఒకే దిశలో లాగండి. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే అంచు చిరుగుతుంది. 50 మిల్లీమీటర్ల షీటును ఒకేసారి కోస్తే బ్లేడు వాలిపోయి, గూడు పైన ఒక కొలత, అడుగున ఇంకో కొలత వస్తుంది. రెండు షీట్లు విడివిడిగా కోయమన్నది అందుకే. వేడి తీగ పాలిథిలీన్‌ను నున్నగా కోస్తుంది కానీ గాలి ఆడే చోటే వాడండి. స్పాంజి మీద మాత్రం వేడి తీగ పెట్టొద్దు, ఆ పొగ విషం.

చెప్పులు కుట్టేవాళ్లు వాడే సొల్యూషన్‌తో మూత పొర అంటించుకోవాలంటే, అంటించాక రెండు రోజులు మూత తెరిచే ఉంచండి. లోపల ఆవిరి మిగిలితే స్టాక్ పూత, రబ్బరు పట్టీలు పాడవుతాయి. పెల్లెట్ డబ్బా, అలెన్ కీలకు వేరే గూళ్లు, మధ్యలో 25 మిల్లీమీటర్ల గోడ.

చివర పరీక్ష. మూత పొరకూ స్టాక్‌కూ మధ్య కాగితం పట్టీ పెట్టి మూసి లాగండి. కొంచెం బిగువుగా వస్తే సరిగ్గా ఉన్నట్టు. చిరిగితే మూత పొర మందం ఎక్కువ, కేసు లాచ్‌లు కూడా బలం పెట్టి నొక్కాల్సి వస్తుంది. జారిపోతే వదులు, మూతలో 5 మిల్లీమీటర్ల ముక్క కలపండి. తర్వాత కేసు నిలబెట్టి వాల్చి చూడండి, లోపల చప్పుడు రాకూడదు.

సిలికా జెల్ సంచులు 50 గ్రాములవి రెండు వేయండి, రంగు మారినప్పుడు ఓవెన్‌లో 110-120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఎండబెట్టుకోవచ్చు. రేంజి నుంచి వచ్చాక రైఫిల్ తుడిచి, రాత్రికి కేసు తెరిచి తాళం వేసిన గదిలో ఉంచండి. ఎండాకాలం కారు డిక్కీలో వదలొద్దు. ఆ వేడికి నలిగిన ఫోమ్ అలాగే ఉండిపోతుంది, 200 బార్ వరకు గాలి నింపిన సిలిండర్‌లో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.