ఆరు పావడలు, ఒక తాను

తిరుపతి

అమ్మణ్ణీ,

పెళ్లిలో నీ పక్కన నిలబడే ఆరుగురు స్నేహితురాళ్లకీ ఒకే రంగు పావడా ఓణీలు తీయాలనుకుంటున్నావట, మీ అమ్మ చెప్పింది. తియ్యి, కళగా ఉంటుంది. అయితే అంగట్లో అడుగు పెట్టకముందే ఒకటి తేల్చుకో: పెళ్లయ్యాక ఆ పిల్లలు వాటిని ఎక్కడికి కట్టుకుంటారు? గుడ్డ, రంగు, కుట్టు మూడూ దాన్నిబట్టే ఉండాలి. ఒక్కపూట ఫోటోలకని తీస్తే బీరువా అడుగున పడి ఉంటాయి.

రంగు దగ్గర చాలామంది మండపాన్ని మరిచిపోతారు. వెనకంతా బంతిపూల తెరలే కదా. పసుపు, నారింజ వేస్తే పిల్లలు ఆ పూలలో కలిసిపోతారు. తలంబ్రాల వేళకి నువ్వు మధుపర్కాల్లో, తెల్లచీర ఎర్రంచుతో ఉంటావు. క్రీము, గంధం రంగులు నీ పక్కన వద్దు. ఆకుపచ్చ, నెమలికంఠం, వంగపండు రంగు, వీటిలో ఒకటి పట్టుకో. చామనఛాయకీ తెలుపుకీ మూడూ నప్పుతాయి.

గుడ్డ గాంధీ రోడ్డులో చూడు. పట్టే కావాలంటే కంచి వంద కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున పోతే రాత్రికి ఇంటికి రావచ్చు. ముహూర్తం ఎండాకాలంలో పడితే మాత్రం పావడలు మానుకుని వెంకటగిరి నూలు చీరలు తీయమంటాను. సన్న నూలు, జరీ అంచు, చెమట పీలుస్తుంది. చీరకి కోత లేదు, తర్వాత చిక్కూ లేదు. నెట్టు, జార్జెట్టు జోలికి పోకు. ఎండకి ఒంటికి అతుక్కుంటాయి, గాజులకీ జుంకీలకీ తగులుకుని పోగులు లేస్తాయి.

పావడలే అనుకుంటే కొలతలు చెబుతాను, రాసుకో. గుడ్డ పన్నా, అంటే వెడల్పు, 44 అంగుళాలు ఉండాలి, అంచు కాళ్ల దగ్గరికి వచ్చేలా అడ్డంగా పెడతారు. చుట్టుకొలతకి మనిషికి 4 మీటర్లు. ఓణీకి రెండున్నర, రవికకి ఒక మీటరు. ఆరుగురికి పావడ గుడ్డ 24 మీటర్లు, నువ్వు 25 కొను. ఆ ఒక్క మీటరు తర్వాత మరమ్మతుకి పనికొస్తుంది, అదే రంగు మళ్లీ దొరకదు. అంతా ఒకే తానులోంచి కోయించు. రంగు అద్దకంలో ఒక తానుకీ ఇంకో తానుకీ తేడా వస్తుంది. అంగడి లైట్ల కింద కనబడదు, ఫోటోలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. రెండు తాన్లు తప్పకపోతే రెండిటినీ వాకిట్లోకి తెచ్చి ఎండలో పక్కపక్కన పెట్టి చూడు.

ఇప్పుడు అసలు సంగతి, టైలరుతో గట్టిగా చెప్పాల్సింది. కలీలు, అంటే పైన సన్నం కింద వెడల్పు ముక్కలు, కోయొద్దు, కుచ్చిళ్లు పెట్టమను. కలీలు కోస్తే గుడ్డంతా ఏటవాలు ముక్కలైపోతుంది, ఇక పావడ తప్ప దేనికీ రాదు. కుచ్చిళ్లయితే నడుం పట్టీ విప్పగానే 4 మీటర్లూ ఒకే ముక్కగా తిరిగి చేతికొస్తాయి. పొడవు ఎక్కువైతే కత్తిరించకుండా లోపలికి మడిచి టక్కు వేయించు. రవికకి రెండు పక్కలా లోపల అంగుళంన్నర గుడ్డ వదలమను. పిల్లలు ఒళ్లు చేసినా, బిడ్డ పుట్టాక కూడా విప్పుకోవచ్చు. నూలు లైనింగు కుట్టకముందే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. అది మరిచిపోతే మొదటి ఉతుకులోనే లైనింగు ముడుచుకుని పైగుడ్డ ఉబ్బుతుంది.

బెంగళూరు, చెన్నైలో ఉన్న స్నేహితురాళ్లని టేపు కొలతలు అడగొద్దు, ఎవరికి తోచినట్టు వాళ్లు కొలుస్తారు. సరిగ్గా పట్టే ఆది రవిక ఒకటి పంపమను. గుడ్డ టైలరు చేతికి ఆరువారాల ముందు పోవాలి, తొడిగి చూడటం రెండువారాల ముందు.

డబ్బు మాట కూడా మొదటే తేల్చు. వాళ్లే కొనుక్కునేట్టయితే రంగూ అంచూ మాత్రం నువ్వు చెప్పు, మెడా చేతులూ వాళ్లిష్టం. నువ్వు పెడితే కుట్టుకూలితో సహా పెట్టు, పసుపు కుంకుమతో పళ్లెంలో ఉంచి ఇవ్వు. గుడ్డ ఇచ్చి కుట్టుకూలి వాళ్ల మీద వేయడం నాకు నచ్చదు.

పెళ్లిరోజు సెంటు గుడ్డ మీద కొట్టనివ్వకు, జరీ నల్లబడుతుంది. ఓణీ భుజం మీద గుచ్చే పిన్నుకి వెనక చిన్న గుడ్డముక్క పెట్టించు, లేకపోతే పట్టు చిరుగుతుంది. ఆ రాత్రి అలసిపోయి చెమటబట్టలు మడిచి పెట్టేస్తారు, అదే వాటిని చెడగొట్టేది. నీడలో దండెం మీద ఒకరోజు ఆరనివ్వాలి. అక్షింతల పసుపు పడితే పొడిగా దులపాలి. సబ్బు తగిలిందా, ఆ మరక ఎర్రగా తిరుగుతుంది. నెయ్యి మరక మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి గంటసేపు వదలమను. డ్రైక్లీనింగుకి ఇచ్చేటప్పుడు ఏ మరక ఏమిటో వేలు పెట్టి చూపించాలి.

దాచేటప్పుడు పాత తెల్లపంచె ముక్కలో చుట్టాలి, ప్లాస్టిక్ సంచి వద్దు. కలరా ఉండలు జరీకి తగలకూడదు. మనకి కార్తీకంలో వానలు, చెమ్మ. సంక్రాంతి దాటాక బయటికి తీసి, గాలి తగిలించి, మడతలు మార్చాలి. ఒకే మడత మీద ఏళ్లుంటే పట్టు అక్కడే పిగులుతుంది.

ఇక వాడకం. కొండమీద దర్శనానికి పావడా ఓణీ చక్కగా సరిపోతుంది, పెళ్లయ్యాక నీతో వచ్చేవాళ్లు అవే కట్టుకోవచ్చు. ఏడాది తర్వాత కుచ్చిళ్లు విప్పితే రెండున్నర మీటర్లలో చుడీదారు పైవస్త్రం, మిగిలిన ఒకటిన్నరలో చిన్నపాపకి పావడ. ఓణీ చున్నీ అవుతుంది. గుడ్డ పిగిలినా అంచు గట్టిగానే ఉంటుంది, దాన్ని విప్పి సాదా నూలుచీరకి వేసుకోవచ్చు. దసరా బొమ్మల కొలువు మెట్ల మీద పరవడానికీ పట్టుముక్క అందం. గంగమ్మ జాతరలో ఆడవేషం కట్టే మగపిల్లలు ఓణీ అడిగితే సంతోషంగా ఇవ్వమను.

పాత పట్టు కొనేవాళ్లు అసలు జరీకే డబ్బిస్తారు. జరీ పోగుని గోటితో గీకితే లోపల ఎర్రపట్టు దారం కనబడాలి. అది లేకపోతే వాళ్లు పెద్దగా ఏమీ ఇవ్వరు, ఇంట్లో వాడుకోవడమే మేలు.

తాను కోయించకముందు బెత్తెడు ముక్క నాకు పంపించు, ఎండలో పెట్టి చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ