నీలి కూజా మీద చెరిగిన బంగారం: అసలుదేనా, ఎలా శుభ్రం చేయాలి?

మీ నీలి చైనా పింగాణీ కూజా బొజ్జ మీద బంగారు పూలు చెరిగిపోయి మెడ దగ్గర మాత్రమే మిగిలాయి, ఆ బంగారం అసలుదేనా, చింతపండుతో తోమవచ్చా అని అడిగారు. వద్దండీ. నిమ్మ, వెనిగర్, ఇత్తడి పాలిష్ కూడా వద్దు.

ఇలాంటి కూజాలకు చైనా చక్రవర్తి కాంగ్షీ కాలంలో (1662–1722), పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ పట్టణంలో, పల్చటి బట్ట కట్టిన వెదురు గొట్టంతో నీలిరంగునిచ్చే కోబాల్ట్ పొడిని కాల్చని పచ్చి పాత్ర మీద ఊది, గ్లేజు (గాజులాంటి పూత) వేసి కాల్చేవారు. బంగారం ఆ తర్వాతే. నూరిన బంగారం 30 పాళ్లకు తెల్లసీసం 3 పాళ్లు కలిపేవారని డాంట్రెకోల్ అనే జెసూట్ మతగురువు రాశాడు. తక్కువ వేడిలో కాల్చిన ఆ పూత గ్లేజు పైనే అంటుకుంటుంది, లోపలికి దిగదు. పులుపు ఆ సీసాన్ని తినేస్తుంది.

చేతులు తగిలే బొజ్జ ముందు అరగడం సహజం. అనుమానించాల్సింది అరగని బంగారాన్నే.

చీకటి గదిలో టార్చిని పక్కవాటుగా పట్టండి. బంగారం పోయినచోట పువ్వు ఆకారం మసక నీడలా గ్లేజు మీద కనిపిస్తుంది. మెడ మీది గీత ఆ నీడను దాటి పోతున్నా, పాత గీరల మీదుగా సాగినా తర్వాత వేసిందే. అద్దంలా తళతళలాడితే 19వ శతాబ్దంలో వచ్చిన ద్రవ బంగారం కావచ్చు. ఆకుపచ్చ కలిసిన గోధుమరంగుకు తిరిగితే అది కంచుపొడి రంగు. ఆ రంగు మీదే, కంటికి ఆనని ఓ మూల అసిటోన్ అద్దిన దూదిపుల్ల ఆనిస్తే ఊడివస్తుంది.

శుభ్రానికి డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన మెత్తని కుంచె చాలు. రుద్దకుండా అద్దండి, బంగారం రేగినచోట అదీ వద్దు. మళ్లీ పూత వేయించే ఆలోచన మానుకోండి: తిరిగి కాలిస్తే పాత పగుళ్లు విచ్చుకుంటాయి, ధరా పడిపోతుంది.