పారా ఎస్‌ఎఫ్ నుంచి వెనక్కి వస్తే పరువు పోయినట్టా?

ప్రశ్న: మా తమ్ముడు ఆర్మీలో జవాను. పారా స్పెషల్ ఫోర్సెస్‌కి (పారా ఎస్‌ఎఫ్, అంటే పారాచూట్‌తో కూడా దిగే ఆర్మీ కమాండో దళాలు) వాలంటీర్‌గా వెళ్లి, ప్రొబేషన్ (ఎంపిక కోసం పరీక్షించే కాలం) మధ్యలోనే పాత యూనిట్‌కి వచ్చేశాడు. ఊళ్లో 'పారిపోయొచ్చాడు' అంటున్నారు. నిద్ర లేకుండా నడిపించడం, చిన్న తప్పుకే పంపించేయడం... ఇది డిసిప్లినా, వేధింపా? ధోనీ గ్లౌజుల మీద ఉన్నది వీళ్ల బ్యాడ్జేనా? - ఓ పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ముందు ఊళ్లోవాళ్ల సంగతి. ప్రొబేషన్‌కి వెళ్లినవాళ్లలో వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. అక్కడికి ఎవరూ బలవంతంగా పంపరు, తనే చెయ్యెత్తి వెళ్లాలి, వద్దనుకుంటే తనే చెప్పి రావచ్చు. అలా వచ్చినవాణ్ని 'రిటర్న్ టు యూనిట్' అంటారు, అంతే. ఉద్యోగం పోదు, ర్యాంకు పోదు. మీ తమ్ముడు ఇప్పటికీ జవానే కదా, మరి పారిపోయింది ఎక్కడికి?

ఇక డిసిప్లిన్. సుమారు 3 నెలలు ఉండే ఈ ప్రొబేషన్‌లో బరువులు మోసుకుని పదుల కిలోమీటర్లు నడిపిస్తారు, నిద్ర తగ్గిస్తారు, సరిగ్గా ఒళ్లు హూనమైన టైంలోనే మ్యాపు చూడమంటారు, ఆయుధం శుభ్రంగా ఉందా అని అడుగుతారు. కండబలం కోసమే అయితే మామూలు పరుగు పందెం పెడితే సరిపోయేది. వాళ్లకి కావలసింది, అలసిపోయి బుర్ర పనిచేయనప్పుడు కూడా చిన్న పనిని వదిలేయని మనిషి. ఆఫీసర్లకీ ప్రొబేషన్ తప్పదు, నాకైతే ఈ పద్ధతిలో బాగా నచ్చేది అదే.

ఎందుకింత పట్టుదల అంటే 1971 డిసెంబర్ చూడండి. ఇప్పుడు పారా ఎస్‌ఎఫ్‌లో ఉన్న 9 పారా కమాండో బెటాలియన్ దళం ఒకటి రాత్రిపూట పూంచ్ నది దాటి, మంధోల్ దగ్గర పాకిస్తాన్ ఫిరంగుల స్థావరం మీద పడి 6 ఫిరంగుల్ని పేల్చేసింది. డిసెంబర్ చలిలో, తడిసిన బట్టలతో, చీకట్లో, శత్రువు భూభాగంలో అన్నమాట. అక్కడ ఒక్కడు దగ్గినా, ఒకడి సామానులో ఏదో గలగలమన్నా మొత్తం దళానికి ముప్పే. 'చిన్న తప్పు' అని మీరు రాసినదానికి అక్కడ అర్థమే వేరు.

అలాగని ప్రతిదీ సమర్థించను. సీనియర్‌కి కోపమొచ్చి కొట్టినా, గాయమైనవాణ్ని డాక్టర్‌కి చూపించకపోయినా దాన్ని స్టాండర్డ్ అని పిలవక్కర్లేదు, అది వేధింపే. మీ తమ్ముడికి అలాంటిది జరిగిందేమో కూర్చోబెట్టి అడగండి, జరిగితే కమాండింగ్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా చెప్పుకోవచ్చు. ఊరికే టైం చాలకో, కాళ్లు బొబ్బలెక్కో వచ్చేస్తే మాత్రం అందులో టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

ధోనీ విషయానికొస్తే, అవును, అది వీళ్ల 'బలిదాన్' గుర్తే. ఆయనకి 2011లో టెరిటోరియల్ ఆర్మీలో (వేరే వృత్తుల్లో ఉంటూనే సేవచేసే సైన్య విభాగం) గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు, 2015లో ఆగ్రాలో 5 పారాచూట్ జంప్‌లు కూడా చేశాడు. జంప్‌లు వేరు, ప్రొబేషన్ వేరు, జంప్‌లు చేసినంత మాత్రాన ప్రొబేషన్ దాటినట్టు కాదు, ఇక్కడే చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. 2019 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా మ్యాచ్‌లో ఆ గుర్తుతో కీపింగ్ చేస్తే, నిబంధనలు ఒప్పుకోవని ఐసీసీ తీసేయమంది. ఆస్ట్రేలియాతో మ్యాచ్‌కి అది లేని గ్లౌజులతోనే దిగాడు.